మూడవ నెలలో ఆగిపోయే కలలు

సైనిక్‌పురిలో ఉదయపు నడక ఒక చిన్న సంఘజీవనం. మాజీ సైనికుల కొరకు వెలసిన కాలనీ కనుక, ఇక్కడ అయిదున్నరకే అనేక ఇళ్ల గేట్లు తెరచుకుంటాయి. నడకలో వినవచ్చే సంభాషణల్లో అధికభాగం మోకాళ్లను గురించి, చక్కెరను గురించి, విదేశాల్లో ఉన్న మనుమలను గురించి సాగుతుంది. వైద్యవృత్తి నుండి విరమించి పన్నెండేళ్లు గడిచినా, నడుస్తూ నడుస్తూ నాడి చూపించుకునేవారు నాకు ఇప్పటికీ ఉన్నారు. అందుకు నేనేమీ విసుగు చెందను. అయితే ఈ పన్నెండేళ్లలో ఆ సంభాషణల అడుగున మరొక ఫిర్యాదు ఉన్నదని క్రమంగా గ్రహించాను. అది ఏ ప్రయోగశాల నివేదికలోనూ కనిపించదు.

"రిటైరయ్యాక చేద్దామనుకున్నాను డాక్టర్ గారూ, మొదలుపెట్టాను కూడా. ఎందుకో ఆగిపోయింది."

ఒకరికి అది వీణ. మరొకరికి సొంత ఊరి చరిత్ర వ్రాయడం. ఇంకొకరికి చిన్ననాడు మధ్యలో వదలిన సంస్కృతం. వాటి మధ్య పోలిక ఏమీ లేకపోయినా, ఆగిపోయిన తీరు మాత్రం ఒకే విధంగా ఉండటం నన్ను ఆశ్చర్యపరచింది. మొదటి నెల ఉత్సాహం. రెండవ నెల పట్టుదల. మూడవ నెలలో ఏదో ఒక పెళ్లి, ఒక జ్వరం, ఒక ప్రయాణం. ఆ తరువాత ఆ పుస్తకాన్ని మళ్లీ తెరిచినవారు లేరు. అందరూ చివరకు ఒకే తీర్పు ఇచ్చుకుంటారు: "నాలో ఆ పట్టుదల లేదండీ." ఆ తీర్పు చాలా సందర్భాల్లో తప్పని నా అభిప్రాయం. అది రోగనిర్ధారణ చేయకుండానే రోగిని నిందించడం వంటిది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది అదే.

మొదట శరీరాన్ని అడగండి

మా వీధిలో ఒక విశ్రాంత సైనికాధికారి ఉన్నారు. అరవై మూడేళ్ల వయస్సులో వయొలిన్ నేర్చుకోవడం ప్రారంభించారు. సరిహద్దు శిబిరాల్లో ట్రాన్సిస్టరులో కచేరీలు విన్న రోజుల నుండి ఆయనకు ఆ కోరిక. ఆరు నెలలు శ్రద్ధగా సాధన చేసి, ఒకరోజు మా ఇంటికి వచ్చారు. "డాక్టర్ గారూ, వయొలిన్ పెట్టె తెరవబుద్ధి కావడం లేదు. మనస్సుకు ఊపు తెచ్చే మంచి పుస్తకం ఏదైనా ఉంటే ఇవ్వండి" అన్నారు.

పుస్తకం కోసం లేవబోతూ ఆయన ముఖం చూశాను. కనురెప్పల క్రింద ఉబ్బు ఉన్నది. గొంతు బొంగురు పోయింది. మార్చి నెలలో ఆయన పూర్తి చేతుల స్వెటరు వేసుకుని కూర్చున్నారు. మణికట్టు పట్టుకుంటే నాడి నిమిషానికి యాభై రెండు. నేను పుస్తకం ఇవ్వలేదు, రక్తపరీక్షకు చీటీ వ్రాసి ఇచ్చాను. థైరాయిడ్ గ్రంథి బాగా మందగించినట్లు తేలింది. ఉదయం పరగడుపున ఒక చిన్న మాత్ర, క్రమం తప్పకుండా. పది వారాలు గడిచేసరికి సాయంత్రం వేళ ఆ ఇంటి నుండి సరళీ స్వరాలు మళ్లీ వినిపించసాగాయి. శ్రుతి ఇప్పటికీ అప్పుడప్పుడు తప్పుతున్నది. అది థైరాయిడ్ దోషం కాదు.

ఈ సంగతిని హాస్యానికి చెప్పడం లేదు. "చేయాలనిపించడం లేదు" అనే మాటను మనం గుణదోషంగా వింటాము. వైద్యుడు దానిని మొదట లక్షణంగా వినాలి. థైరాయిడ్ మందగించడం, రక్తహీనత, బి-12 విటమిన్ లోపం, అదుపులో లేని మధుమేహం, ఇవన్నీ మనిషిలోని చొరవను చడీచప్పుడు లేకుండా హరిస్తాయి. శాకాహారుల్లోను, చాలా ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ మాత్రలు వాడుతున్న మధుమేహరోగుల్లోను బి-12 లోపం తరచుగా కనిపిస్తుంది. రాత్రివేళ గట్టిగా గురకపెట్టి, మధ్య మధ్య ఊపిరి ఆగి, ఉలిక్కిపడి లేచేవారికి ఎనిమిది గంటలు పడుకున్నా నిద్ర పూర్తి కాదు. వారు పగలంతా మగతగా ఉండి, తమను తాము సోమరులమని అనుకుంటారు. కొన్ని రక్తపోటు మాత్రలు, జలుబుకు వాడే కొన్ని మాత్రలు కూడా మందకొడితనాన్ని కలిగిస్తాయి. అనుమానం ఉంటే వైద్యుని అడగండి, స్వయంగా మాత్రలు మానవద్దు.

అన్నిటికంటె ముఖ్యమైనది మానసిక కుంగుబాటు. వరుసగా రెండు వారాలకు మించి, రోజులో అధికభాగం, ఇంతకు ముందు ఇష్టపడిన పనులమీద కూడా ఆసక్తి లేకపోవడం, నిద్రాహారాలు తారుమారు కావడం, తాను పనికిరానివాడినని అనిపించడం, ఇవి ఉన్నప్పుడు ఆ మనిషికి ఉపన్యాసాలు ఇవ్వడం క్రూరత్వం. కాలు విరిగినవానికి పరుగు పాఠాలు చెప్పినట్లే. దీనికి చికిత్స ఉన్నది, చికిత్సకు లొంగుతుంది కూడా. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 అనే సంఖ్యపై ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ నంబరును మీ ఫోన్లో ఇప్పుడే వ్రాసి ఉంచుకోండి. మీకు కాకపోయినా, పక్కవారికి అవసరం పడవచ్చు.

మూడవ నెలలో ఏమి జరుగుతుంది?

శరీరం నిక్షేపంగా ఉన్నవారి కలలు కూడా ఆగిపోతాయి కదా అని మీరు అడగవచ్చు. నిజమే. అందుకు కారణం మెదడు పనిచేసే తీరులో కొంత ఉన్నది.

వుల్‌ఫ్రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతులపై చేసిన ప్రయోగాలు ప్రసిద్ధమైనవి. అనుకోకుండా పండ్లరసపు చుక్క నోట పడినప్పుడు కోతి మెదడులో డోపమైన్‌ను విడుదల చేసే కణాలు చురుకుగా స్పందించాయి. ఫలానా దీపం వెలిగిన తరువాత రసం వస్తుందని కోతి నేర్చుకున్నాక, ఆ కణాలు దీపానికి స్పందించాయి గాని రసానికి స్పందించడం మానివేశాయి. దీపం వెలిగి, రసం రాకపోతే వాటి పని మామూలు కంటె తగ్గిపోయింది. అనగా ఆ కణాలు లాభాన్ని కొలవడం లేదు, ఆశించినదానికీ అందినదానికీ గల తేడాను కొలుస్తున్నాయి.

కోతి నోటిలోని రసపు చుక్కకూ మనిషి జీవితకాలపు ఆశయానికీ చాలా దూరం ఉన్నది. ఆ దూరాన్ని నేను మరచిపోవడం లేదు. అయినప్పటికీ మూడవ నెల సంగతి దీనివల్ల కొంత బోధపడుతుంది. మొదటి నెలలో ప్రతి చిన్న విజయమూ అనుకోనిదే: మొదటి స్వరం పలికింది, మొదటి పేజీ నిండింది. మూడవ నెల వచ్చేసరికి అవన్నీ మామూలు. మన ఆశ మాత్రం పెరిగి, కచేరీ వరకు, అచ్చయిన పుస్తకం వరకు వెళ్లిపోయింది. దీపం వెలుగుతున్నది, రసం రావడం లేదు. ఆ నిస్తేజం మనలోని లోపం కాదు, నేర్చుకునే మెదడు సహజ లక్షణం. అది వస్తుందని ముందే తెలిసినవాడు భయపడడు. తెలియనివాడు "నాకు ఇది రాసిపెట్టి లేదు" అని పెట్టె మూసివేస్తాడు.

మరొక అధ్యయనం కూడా చెప్పుకోదగినది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని పన్నెండు వారాల పాటు పరిశీలించింది. ఒక్కొక్కరు తినడం, త్రాగడం లేక వ్యాయామానికి సంబంధించిన ఒక చిన్న అలవాటును ఎంచుకుని, ప్రతిరోజూ ఒకే సందర్భంలో పాటించారు. ఆ పని అప్రయత్నంగా జరిగే స్థితికి రావడానికి పట్టిన కాలం మధ్యస్థంగా 66 రోజులు. వ్యక్తుల మధ్య తేడా మాత్రం చాలా ఎక్కువ, 18 రోజుల నుండి 254 రోజుల వరకు అంచనా వేశారు. ఇరవై ఒక్క రోజుల్లో అలవాటు స్థిరపడుతుందని ప్రచారంలో ఉన్న మాటకు ఈ ఫలితాలు బలం చేకూర్చవు. ఆ అధ్యయనంలో నాకు ఇంకా ప్రియమైన విషయం ఒకటి ఉన్నది. ఒక్కరోజు తప్పినంత మాత్రాన అలవాటు ఏర్పడటానికి చెప్పుకోదగిన భంగం కలగలేదు. మన పెద్దలు వ్రతభంగం అన్న భావనను మనలో ఎంతగా నాటారంటే, ఒక్కరోజు తప్పగానే మొత్తం పోయిందనుకుంటాము. మన కలలను చంపేది తప్పిన రోజు కాదు, దాని మరుసటి రోజు మనం చెప్పుకునే మాట.

బేగంపేటలో ఒక వేసవి

ఇక్కడ మన ఊరి కథ ఒకటి చెప్పాలి. సైనిక్‌పురికి పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో, బేగంపేట పాత విమానాశ్రయం సమీపంలో, ఒక పాత భవనం ఉన్నది. దానికి రోనాల్డ్ రాస్ పేరు పెట్టారు. మలేరియా పరాన్నజీవి దోమ శరీరంలో పెరుగుతుందన్న సంగతి 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో బయటపడిందని చాలామందికి తెలుసు. ప్రపంచ దోమల దినోత్సవం ఆ రోజునే జరుపుకుంటారు. పాఠ్యపుస్తకంలో ఆ ఒక్క రోజే ఉంటుంది. వైద్యునిగా నన్ను ఆకర్షించేది దాని వెనుకనున్న రెండు సంవత్సరాలకు పైబడిన వైఫల్యం.

రాస్ పుట్టింది అల్మోడాలో, 1857లో. చిత్రకళ, కవిత్వం, గణితం ఆయన ప్రీతిపాత్రములు. తండ్రి మాట కాదనలేక వైద్యం చదివాడు. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరాడు. మలేరియా రోగుల రక్తంలో లావెరాన్ అనే ఫ్రెంచి వైద్యుడు 1880లో చూసిన పరాన్నజీవి నిజంగా ఉన్నదా అని కూడా తొలుత ఆయనకు సందేహమే. 1894లో లండన్‌లో ప్యాట్రిక్ మాన్సన్ దానిని సూక్ష్మదర్శినిలో చూపించి, దోమకు దీనితో సంబంధం ఉండి ఉంటుందన్న తన ఊహను చెప్పాడు. ఆ ఊహను పట్టుకుని రాస్ 1895లో సికింద్రాబాదుకు వచ్చాడు.

తరువాత జరిగినదంతా తప్పుదారే. ఆయన పట్టి కోసిన దోమలు మలేరియాను మోయగల జాతివి కావు. తప్పు దోమలను ఎంత శ్రద్ధగా వెదికినా వాటిలో మలేరియా క్రిమి దొరకదు. పైగా దోమ చచ్చిపడిన నీటిని త్రాగడం వల్ల మనిషికి రోగం వస్తుందని గురువు చేసిన ఊహ కూడా సరైనది కాదు. పరిశోధన ఇంకా ఒక రూపానికి రాకముందే, కలరా ప్రబలిన బెంగుళూరులో పారిశుద్ధ్య పనులకు ప్రభుత్వం ఆయనను పంపించింది. 1897 వేసవిలో నీలగిరి ప్రాంతానికి వెళ్లి, తాను వెదుకుతున్న మలేరియా బారిన తానే పడ్డాడు.

కోలుకుని సికింద్రాబాదుకు తిరిగి వచ్చాడు. ఆ రోజుల గురించి ఆయనే తరువాత చెప్పుకున్నాడు. నుదుటి నుండి, చేతుల నుండి కారిన చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టాయి. మిగిలిన ఒక్క నేత్రకటకమూ పగిలి ఉన్నది. పంఖా వేసుకుంటే కోసిన దోమ ఎగిరిపోతుంది కనుక ఆ ఉక్కలో పంఖా లేకుండా కూర్చున్నాడు. ఆగస్టు నెల మధ్యలో, రెక్కలపై మచ్చలున్న వేరొక జాతి దోమలు ఆయనకు దొరికాయి. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి ఆ దోమలతో కుట్టించుకోవడానికి ఒప్పుకున్నాడు. కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా. ఆ దోమల్లో చివరికి మిగిలినవి కొద్ది మాత్రమే. 20వ తేదీన వాటిలో ఒకదాని ఉదరపు గోడలో, మలేరియా పరాన్నజీవికి ప్రత్యేకమైన నల్లని రేణువులతో కూడిన గుండ్రని కణాలు కనిపించాయి.

కథ అక్కడితో సుఖాంతం కాలేదు. వారాలు గడవకముందే ఆయనను మలేరియా అంతగా లేని రాజపుటానాలోని ఖేర్వాడాకు బదిలీ చేశారు. తిరిగి పని చేసే అవకాశం కలకత్తాలో, 1898లో గాని రాలేదు. అక్కడ మానవ మలేరియాపై పరిశోధన సాగక, పక్షుల మలేరియాను తీసుకున్నాడు. ఆ ఏడాది జూలైలో పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథులకు చేరుతుందని, దోమకాటు ద్వారానే వ్యాపిస్తుందని నిరూపించాడు. మానవునిలో ఆ చక్రాన్ని పూర్తిగా నిరూపించినది ఇటలీ శాస్త్రవేత్తలు. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి లభించింది.

ఈ కథను "పట్టుదల ఉంటే సాధించలేనిది లేదు" అని ముగించడం సులభం. నేను అలా ముగించను. రాస్ కోపిష్ఠి. పలుమార్లు నిరాశలో మునిగినవాడు. అటువంటివాడు నిలబడడానికి తోడ్పడిన వాటిలో రెండింటిని నేను ప్రత్యేకించి చూస్తాను. ఒకటి, రోజుకు సరిపడే పని: ఈ రోజు ఇన్ని దోమలు కోయాలి, చూసినది పుస్తకంలో వ్రాయాలి. లోకాన్ని మలేరియా నుండి రక్షించే పని ఏ ఒక్క రోజుకూ సరిపడదు గాని, దోమను కోయడం సరిపడుతుంది. రెండవది, ఉత్తరాలు. ఆ సంవత్సరాల్లో ఆయన మాన్సన్‌కు వందకు పైగా ఉత్తరాలు వ్రాశాడు. ఈ వారం ఏమీ దొరకలేదని వ్రాయడానికి కూడా ఆయనకు ఒక మనిషి ఉన్నాడు. ఆ మనిషి "ఇంకా వెదుకు" అని జవాబు వ్రాశాడు, ఖేర్వాడాలో చిక్కుపడినప్పుడు బయటికి తేవడానికి పలుకుబడి ఉపయోగించాడు. శాస్త్రీయంగా మాన్సన్ చెప్పిన దానిలో కొంత తప్పు. తోడుగా ఆయన చేసిన పనిలో తప్పు లేదు.

మా ఇంటి సంగతి

ఇక చెప్పడానికి కొంత సంకోచించే విషయం.

పెళ్లినాటికి మా శ్రీమతి తెలుగులో బి.ఏ. పూర్తి చేసి ఉన్నది. ఎం.ఏ. చదవాలని, ప్రాచీన కావ్యాలను బోధించాలని ఆమె కోరిక. మొదటి బదిలీ వచ్చినప్పుడు "స్థిరపడ్డాక చదువుదువు గాని" అన్నాను. రెండవ బదిలీ నాటికి పిల్లలు. మూడవ బదిలీ నాటికి మా అమ్మగారి పక్షవాతం. ప్రతిసారీ నేను ఆ వాక్యాన్నే చెప్పాను, ఎన్నడూ కోపంగా చెప్పలేదు, అందుకే అది తప్పని నాకు తోచలేదు. ముప్పై నాలుగు సంవత్సరాల తరువాత, సైనిక్‌పురిలో ఇల్లు కట్టుకుని నిజంగానే స్థిరపడిన తరువాత, ఒకరోజు భోజనాల దగ్గర నేనే గుర్తుచేశాను: "ఇప్పుడు చదవచ్చు కదా, నీలో ఆ ఉత్సాహమే పోయినట్లుంది."

ఆమె చారు వడ్డిస్తూ, "ఉత్సాహం పోలేదండీ. మీరు ఆగమన్నప్పుడల్లా దాన్ని కూర్చోబెట్టాను. ఇప్పుడు లెమ్మంటే దాని మోకాళ్లు లేవడం లేదు" అన్నది.

వేలమంది రోగులను చూసినవాడిని. ఆ వాక్యం విన్న రోజున నాకు ఎదురుగా కూర్చున్న రోగిని ముప్పై నాలుగేళ్లు చూడలేదని తెలిసింది. మనం ప్రేరణ అని పిలిచేది మనిషిలోపల మాత్రమే ఊరే నీరు అనుకుంటాము. అది చాలా వరకు ఇంటిలోని ఏర్పాటు. ఎవరికి గది ఉన్నది, ఎవరికి గంట సమయం ఉన్నది, ఎవరు పుస్తకం పట్టుకుంటే మిగిలినవారు మెల్లగా మాట్లాడుతారు, ఎవరు పుస్తకం పట్టుకుంటే "కాఫీ ఉందా" అని అడుగుతారు, వీటిని బట్టి కలలు బ్రతుకుతాయి లేదా చస్తాయి. మన ఇళ్లలో పురుషుని కలకు ఆశయమని పేరు, స్త్రీ కలకు సరదా అని పేరు.

అరవై ఒకటవ ఏట ఆమె దూరవిద్యలో ఎం.ఏ.కు చేరింది. ఉదయం ఆరు నుండి ఏడున్నర వరకు వంటగది నాది. మొదటి నెల ఉప్మాలో ఉండలు కట్టాయి. మూడవ నెలలో, సరిగ్గా నేను ఊహించినట్లే, ఆమె "నావల్ల కాదు, ఛందస్సు తలకెక్కడం లేదు" అన్నది. నేను ధైర్యవచనాలు చెప్పలేదు. కాపీ పుస్తకం తెరిచి, ఆ రోజుకు ఒక్క పద్యానికి గణవిభజన చేద్దామన్నాను. నాకు గురువు, లఘువు తేడా తెలియదు కనుక ఆమె నాకు నేర్పవలసి వచ్చింది. నేర్పుతూ ఆమె నేర్చుకున్నది. మొదటి సంవత్సరం ఒక పత్రంలో తప్పింది, మళ్లీ వ్రాసింది. నిరుడు పట్టా చేతికి వచ్చింది. బోధించే ఉద్యోగం రాదు, వయస్సు మించిపోయింది. ఆదివారం నాడు మా కాలనీ పిల్లలు ఆరుగురు వచ్చి ఆమె దగ్గర పద్యాలు నేర్చుకుంటున్నారు. పోయిన ముప్పై నాలుగేళ్లు పోయినవే. వాటికి నేను సమాధానం చెప్పలేను. మీరు అదే వాక్యాన్ని మీ ఇంట్లో చెబుతున్నట్లయితే ఆపగలరని మాత్రం ఇది వ్రాస్తున్నాను.

కల నెరవేరకపోతే?

"ఇంత శ్రమపడి చివరకు దక్కకపోతే?" అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. దీనికీ సికింద్రాబాదు నుండే ఒక జవాబు.

మిథాలీ రాజ్ తండ్రి వాయుసేనలో పనిచేసినవారు. ఉదయం ఆలస్యంగా లేచే కూతురికి క్రమశిక్షణ అలవరచాలని, అన్నతోపాటు క్రికెట్ శిబిరానికి తీసుకువెళ్లారు. భరతనాట్యం నేర్చుకుంటున్న ఆ బాలిక క్రమంగా క్రికెట్‌కు అంకితమైంది. ఆమెను తీర్చిదిద్దిన శిక్షకుడు సంపత్ కుమార్, ఆమె దేశానికి ఆడటం చూడకుండానే 1997లో రోడ్డు ప్రమాదంలో మరణించారు. 1999లో ఐర్లాండుపై తొలి వన్డేలోనే ఆమె 114 పరుగులు చేసి అజేయంగా నిలిచింది. అప్పటికి పదహారేళ్లు. 2022 జూన్‌లో విరమించేనాటికి 232 వన్డేలలో 7,805 పరుగులు చేసింది. ప్రపంచకప్ మాత్రం దక్కలేదు. 2005లో నాయకురాలిగా ఫైనల్‌కు చేర్చి ఆస్ట్రేలియా చేతిలో ఓడింది. 2017లో లార్డ్స్ మైదానంలో ఇంగ్లండ్ చేతిలో తొమ్మిది పరుగుల తేడాతో ఓడింది.

2025 నవంబరు 2న నవీ ముంబయిలో భారత మహిళల జట్టు ఆ కప్పు గెలిచింది. గెలిచినవారు మైదానంలో ఉన్న పూర్వ క్రీడాకారిణుల చేతికి ఆ కప్పును అందించారు. వారిలో మిథాలీ ఒకరు. టీవీలో ఆ దృశ్యం చూస్తూ, ఇది ఓదార్పు బహుమతి అని నాకు అనిపించలేదు. ఇరవై మూడేళ్లు ప్రతి ఉదయం నెట్స్‌కు వెళ్లిన మనిషికి ఆ ఉదయాలే జీవితం. కప్పు వాటికి కూలి కాదు. ఫలితం దక్కితేనే సార్థకమయ్యే కలను నేను ఎవరికీ సలహా ఇవ్వను. ఫలితం దక్కకపోయినా ఆ రోజులు వృథా కాలేదనిపించే కలను ఎన్నుకోండి. అలా అనిపించకపోతే ఆ కలను వదలివేయడంలో అవమానం లేదు. ఎవరో చూసి మెచ్చుకోవాలని మోస్తున్న కలలను దించివేస్తే వెన్నుకు కూడా మంచిది.

వైద్యునిగా మరొక హెచ్చరిక. కల పేరిట నిద్ర మానినవారిని, భోజనం వేళ తప్పించి చక్కెరను పెంచుకున్నవారిని, గుండెనొప్పిని "పని అయ్యాక చూద్దాం" అని వాయిదా వేసినవారిని చూశాను. సుదీర్ఘమైన ప్రయాణానికి బయలుదేరినవాడు బండిని కాల్చి చలి కాచుకోడు.

నా చీటీ

ఇన్నేళ్ల అలవాటు కొద్దీ, వ్యాసం చివర మందుల చీటీ వ్రాయకుండా ఉండలేను.

1. ఉత్సాహం నెల రోజులుగా తగ్గి ఉంటే మొదట వైద్యుని కలవండి. హిమోగ్లోబిన్, చక్కెర, థైరాయిడ్, బి-12 పరీక్షలు అవసరమా అని అడగండి. నిద్ర సంగతి దాచకుండా చెప్పండి.

2. కలను రోజుకు సరిపడే పనిగా విడగొట్టండి. ఒంట్లో బాగులేని రోజున కూడా చేయగలిగినంత చిన్నదై ఉండాలి. పది నిమిషాల సాధన, అర పేజీ వ్రాత, ఒక్క పద్యం.

3. దానిని ఇప్పటికే ఉన్న ఒక అలవాటుకు ముడివేయండి. కాఫీ తరువాత, సంధ్యాదీపం తరువాత, నడక నుండి వచ్చిన తరువాత. సమయం దొరికినప్పుడు అనుకుంటే సమయం దొరకదు.

4. ఒక రోజు తప్పితే లెక్కచేయవద్దు. రెండవ రోజు మాత్రం, ఎంత కొంచెమైనా సరే, చేయండి.

5. చేసినదానిని ఒక పుస్తకంలో తేదీతో వ్రాయండి. ఎంత దూరం మిగిలిందో అనుకున్నప్పుడు, ఎంత దూరం వచ్చారో చూపే సాక్షి అదే.

6. వారానికొకసారి ఒక మనిషికి చెప్పండి. పొగిడేవారు కానక్కరలేదు, అడిగేవారు అయితే చాలు. "ఈ వారం ఏమీ జరగలేదు" అని సిగ్గుపడకుండా చెప్పుకోగల మనిషి దొరకడం అదృష్టం.

7. మూడవ నెలను ముందే క్యాలెండరులో గుర్తుపెట్టుకోండి. ఆ నిస్తేజం వచ్చినప్పుడు "వచ్చావా" అని పలకరించి, పనిలో కూర్చోండి.

తెల్లవారగానే ఫోనులోకి వచ్చిపడే ప్రేరణ వాక్యాలను, వీడియోలను నేను ఈ చీటీలో చేర్చలేదు. వాటికి వ్యతిరేకిని కాను. అవి కాఫీ వంటివి. కాసేపు ఊపిస్తాయి, ఆకలి తీర్చవు. "నిజమైన తపన ఉంటే ఇవేవీ అక్కరలేదు" అనేవారితో కూడా ఏకీభవించలేను. రాస్‌కు తపన లేదా? అయినా ఆయనకు ఉత్తరం వ్రాయడానికి ఒక మనిషి కావలసి వచ్చింది. తపన ఉన్నవారికే తోడు మరింత అవసరం, ఎందుకంటే వారు నడిచే దూరం ఎక్కువ.

చివరగా ఒక్క కోరిక. ఈ వ్యాసాన్ని చదివి మీ సొంత కలను గురించి ఆలోచిస్తారని తెలుసు. ఆలోచించండి. దానితోపాటు ఈ సాయంత్రం మీ ఇంట్లో ఎవరి కల కూర్చుండిపోయి ఉన్నదో అడగండి. అడిగి, సమాధానం చెప్పేవరకు మధ్యలో మాట్లాడకుండా వినండి. తరువాత, రేపు ఉదయం ఆరు నుండి ఏడున్నర వరకు వంటగది ఎవరిదో నిర్ణయించుకోండి.

ఆయురారోగ్యాలతో ఉండండి.